బడిదాకా దింపే మనిషి

వంటింటి బల్ల దగ్గర్నుంచి,
జూన్ మొదటి వారం

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. ముందు దేవుడికి, తర్వాత పోస్ట్‌మన్‌కి, ఆ తర్వాత నీకు థాంక్స్. ఫోనులో నా సంగతి నీకు తెలిసిందే. "తిన్నావా, ఒంట్లో బాగుందా, సరే పెట్టేయ్", అంతకు మించి ఒక్క మాట రాదు. జీవితమంతా లిఫ్టుల మోటారు గదుల్లో గడిపిన చెవులివి, ఫోను పెట్టుకున్నా తీసేసినా వాటికి ఒకటే హోరు. కాగితం మీదైతే కాస్త మనిషిలా మాట్లాడగలను. మీ అమ్మ బతికున్నప్పుడు ఈ మాటంటే, "అయితే నాక్కూడా పక్క గదిలోంచి ఉత్తరాలే రాయండి" అని ఆటపట్టించేది.

ఇక అసలు సంగతి. మన చర్చిలో బుధవారం సాయంత్రం జరిగే పెద్దవాళ్ళ బైబిలు క్లాసు తెచ్చి నా నెత్తిన పెట్టారు. పాస్టరుగారికి మోకాలి ఆపరేషన్ అయింది, మెట్లెక్కలేరు. "ఊరందరినీ పైకెక్కించినవాడివి, మమ్మల్ని కూడా కాస్త ఎక్కించు" అన్నారాయన. కాదనలేకపోయాను. లిఫ్టు ఆగిపోతే ఎందుకు ఆగిందో చెప్పగలను గానీ, బైబిల్లో ఉత్తరాలు రాసిన పౌలు ఎక్కడ ఎందుకు ఆగాడో నాకేం తెలుసు?

మొదటి వారమే దొరికిపోయాను. గ్రీకు దేశపు కొరింథు వాళ్ళకి ఆయన రాసిన ఉత్తరంలో, విగ్రహాలకి పెట్టిన మాంసం తినొచ్చా కూడదా అని ఉంటుంది కదా, అది చెబుతున్నాను. వెనక బెంచీలోంచి లెక్కల మాస్టారు లేచారు. రిటైరై ఇన్నేళ్ళయినా ఆయన ప్రశ్న అడిగితే అందరం హోంవర్కు చెయ్యని పిల్లల్లా అయిపోతాం. "దీనికింత చర్చ దేనికండీ? ఆ మాంసం వద్దనుకుంటే పక్క కొట్టుకెళ్ళి తెచ్చుకోవచ్చుగా?" అన్నారు. పక్క కొట్టు ఉండేదో లేదో నాకు తెలియదు. "మా అమ్మాయి మ్యూజియంలో పనిచేస్తోంది, పగిలిపోయిన గ్రీకు, రోమా సామాన్లు అతుకుతుంది, అడిగి చెబుతాను" అని తప్పించుకున్నాను. కాబట్టి తల్లీ, నా పరువు నీ చేతుల్లో ఉంది.

నీ పెళ్ళి డిసెంబరులో అయినా కోటు ఇప్పుడే కుట్టడానికి ఇచ్చేశాను. నాకు జీవితంలో ఇదే మొదటి కోటు. టైలరు కొలతలు తీసుకుంటూ, "పెళ్ళికూతుర్ని చర్చిలో నడిపించుకెళ్ళే మనిషికి భుజం దగ్గర బిగుతుగా ఉండకూడదండీ, చెయ్యి వంచాలి కదా. ఏదీ, ఒకసారి వంచండి" అన్నాడు. వంచి చూపించాను. ఆ మాట నువ్వెప్పుడూ ఎత్తలేదు గనక నేనూ ఎత్తడం లేదు. కొలతలు మాత్రం అతను చెప్పినట్టే ఇచ్చాను.

కాబోయే పళ్ళ డాక్టరు అల్లుణ్ణి అడిగానని చెప్పు.

నీ
బాబాయ్


మ్యూజియం వెనక గది నుంచి,
జూన్ చివర

బాబాయ్‌కి,

లెక్కల మాస్టారికి నా నమస్కారాలతో పాటు జవాబు పంపుతున్నాను. పక్క కొట్టు ఉండేదో లేదో గానీ, ఉన్నా పెద్ద లాభం ఉండేది కాదు. ఆ ఊళ్ళలో గుడిలో బలి ఇచ్చాక కొంత మాంసం దేవుడికి కాల్చేవారు, కొంత పూజారికి పోయేది, కొంత అక్కడే వండి భోజనాలు పెట్టేవారు. మిగిలింది బజారుకొచ్చేది. కొట్టులో వేలాడే ముక్క ఏ గుళ్ళోంచి వచ్చిందో కొనేవాడికి తెలియదు. ఒక్కోసారి అమ్మేవాడికీ తెలిసి ఉండదు.

అయినా అసలు చిక్కు కొట్టు దగ్గర కాదు, భోజనాల దగ్గర. చాలా గుళ్ళకి పక్కనే భోజనాల గదులుండేవి. గోడ వెంబడి మూడు నాలుగు వైపులా బల్లలు, వాటి మీద ఒరిగి తినేవారు. స్నేహితుడి కొడుకు పుట్టినరోజైనా, తోటి పనివాళ్ళ సంఘం విందైనా అక్కడే. "ఫలానా దేవుడి బల్ల దగ్గర భోజనానికి రండి" అని పిలిచిన చిన్న చీటీలు కూడా కొన్ని దొరికాయి. అంటే, నేను రాను అంటే మాంసం మానెయ్యడం ఒక్కటే కాదు. పక్కింటివాడి పుట్టినరోజు మానెయ్యడం, పని ఇప్పించే మనిషితో కలిసి కూర్చోకపోవడం. అంత పెద్ద ఉత్తరం అందుకే పట్టింది పౌలుకి. ఇది చదివాక మా కాంటీన్‌లో అందరితో కలిసి కూర్చుని తినడం కూడా నాకు పెద్ద వరంలా అనిపిస్తోంది.

నా బల్ల మీద ఇప్పుడొక మట్టిబొమ్మ ఉంది. నా జానెడు కూడా లేదు. బట్టతల, గడ్డం, ఒంటినిండా దుప్పటి కప్పుకున్న ముసలాయన. మా రికార్డులో 'బిచ్చగాడు' అని ఉంది. వేరే పెట్టెలో ఒక చిన్న పిల్లవాడి బొమ్మ విడిగా పడి ఉంది. వాడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ముసలాయన చేతిలో ఏదో ముక్క ఇరుక్కుని ఉంటే, బిచ్చమేమో అనుకున్నారు ఇన్నాళ్ళూ. దూదితో కొంచెం కొంచెంగా మట్టి తుడిస్తే అది పిల్లవాడి గుప్పిట. రెండూ కలిపి చూశాను, సందు లేకుండా కూర్చున్నాయి. అతికి, కదలకుండా ఇసక ట్రేలో నిలబెట్టాను. ముసలాయన ఎవరో నాకు ఒక ఊహ ఉంది. మా మ్యూజియం పెద్ద మేడమ్‌తో సరిచూసుకుని రాస్తాను.

ఇంకో సంగతి కూడా రాద్దామని కూర్చున్నాను, కలం కదలడం లేదు. చెడ్డదేం కాదు, కంగారు పడకండి.

మీ
అమ్మడు


వంటింటి బల్ల దగ్గర్నుంచి,
ఆగస్టు

అమ్మడూ,

నీ పుణ్యమా అని నాకు క్లాసులో గౌరవం పెరిగింది. ఆ భోజనాల గది సంగతి చెప్పగానే అంతమంది పెద్దవాళ్ళూ రెండు జట్లయి కూర్చున్నారు. "మీ స్నేహితురాలి కొడుకు పుట్టినరోజు విందు గుళ్ళో పెట్టారు, వెళ్తారా మానేస్తారా?" అని అందర్నీ అడిగాను. లెక్కల మాస్టారు వెళ్ళకూడదన్నారు. మొన్నటిదాకా ఇందులో చర్చే లేదన్న మనిషి. కుట్టుమిషను అత్తయ్య, అదే, చర్చి పక్కన బట్టలు కుట్టే ఆవిడ, "నేను వెళ్తాను. కూర ముట్టుకోను, రొట్టె తింటాను. కానీ దాని బిడ్డ పుట్టినరోజుకి నేను లేకపోతే ఎలా?" అంది. "అది చూసి కొత్తగా నమ్ముకున్నవాడు కూర కూడా తినేస్తే?" అన్నారు మాస్టారు. "వాణ్ణి నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను" అంది ఆవిడ. ఇద్దరూ మెట్లు దిగేదాకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. పాస్టరుగారు కింద గదిలోంచి విని, తన క్లాసులో ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా ఇలా పోట్లాడుకోలేదని బాధపడ్డారు.

బుధవారం వస్తోందంటే ఇప్పుడు నాకు హుషారుగా ఉంటోంది. మీ అమ్మ పోయాక ఇంట్లో సాయంత్రాలు ఎలా గడపాలో తెలిసేది కాదు. గోడ గడియారాన్ని విప్పి, బాగానే ఉన్నదాన్ని మళ్ళీ బిగించేవాణ్ణి. ఇప్పుడు నీ ఉత్తరం ముందు పెట్టుకుని పాఠం తయారుచేసుకుంటున్నాను. నీకు ఇన్ని సంగతులు తెలిసినందుకు, తెలిసినవి ఈ ముసలి మెకానిక్కి ఓపిగ్గా రాస్తున్నందుకు, నిన్ను నాకిచ్చిన దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

కోటు మొదటి ట్రయల్ అయింది. అద్దంలో చూసుకుంటే ఎవరో బ్యాంకు మేనేజరు నా మొహం పెట్టుకుని నిలబడ్డట్టుంది. టైలరు మళ్ళీ చెయ్యి వంచమన్నాడు.

ఆ బిచ్చగాడు కాని ముసలాయన ఎవరో త్వరగా చెప్పు. క్లాసంతా అడుగుతున్నారు. నువ్వు రాయలేకపోయిన సంగతి కూడా రాసెయ్. ఇల్లు కొంటున్నారా? పళ్ళ డాక్టరు నీ పళ్ళు పీకాడా? నాకు నిద్ర పట్టడం లేదు.

నీ
బాబాయ్


మ్యూజియం వెనక గది నుంచి,
సెప్టెంబరు

బాబాయ్‌కి,

తీరిగ్గా, కాఫీ పెట్టుకుని చదవండి. ముసలాయన దొరికాడు.

ఆయన బిచ్చగాడు కాదు, ఆ పిల్లవాడికి తాతా కాదు. ఆ ఇంటి బానిస. గ్రీకు ఇళ్ళలో, తర్వాత రోమా ఇళ్ళలో కూడా, కాస్త కలిగినవాళ్ళు పిల్లవాడికి బడి వయసు రాగానే వాణ్ణి ఒక మనిషికి అప్పగించేవారు. పాఠం చెప్పడం ఆ మనిషి పని కాదు, పాఠం చెప్పే పంతులు వేరే. ఈయన పొద్దున్నే లేపాలి, మొహం కడిగించాలి, పలకలూ సంచీ మోసుకుంటూ చెయ్యి పట్టుకుని బడిదాకా దింపాలి. దారిలో ఎవరూ ఏడిపించకుండా చూడాలి. తల దించుకుని నడు, కాళ్ళీడ్చకు, అలా తినకు అని మర్యాద నేర్పాలి. బడిలో ఓ పక్కన కూర్చుని, అయ్యాక మళ్ళీ ఇంటికి తీసుకురావాలి. చీకటి పడితే దీపం పట్టుకోవాలి. చాలామంది పరాయి దేశం వాళ్ళు, వాళ్ళ యాసని చూసి నవ్వేవారట. ఇంకే బరువు పనికీ పనికిరాని వయసు వాళ్ళని ఎక్కువగా దీనికి పెట్టేవారు. బెత్తంతో బాదేవాళ్ళూ ఉండేవారు, ప్రాణం పెట్టి చూసుకునేవాళ్ళూ ఉండేవారు. పిల్లవాడు పెద్దవాడైతే ఆ పని అక్కడితో అయిపోతుంది.

గలతీ వాళ్ళకి రాసిన ఉత్తరంలో యూదుల ధర్మశాస్త్రం మనకి బాలశిక్షకుడు అంటాడే పౌలు, ఆ బాలశిక్షకుడు ఈయనే. బెత్తం పట్టుకున్న బడిపంతులు అనుకునేదాన్ని నేను. కాదు, బడిదాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే మనిషి. ఆ రోజు ఆ ఉత్తరం చదివించుకుని విన్నవాళ్ళందరూ వీధిలో రోజూ చూసే మనిషి. కొరింథు వాళ్ళతోనూ పౌలు అంటాడు, ఇలాంటి వాళ్ళు మీకు వేలకి వేలు ఉండొచ్చు, తండ్రులు మాత్రం ఎక్కువమంది లేరు అని.

ఇది తెలిసిన రోజు నేను పని ఆపి కూర్చుండిపోయాను. నేను బడికెళ్ళే రోజుల్లో అమ్మకి ఆస్పత్రిలో పొద్దుటి డ్యూటీ. మీరు ఒక భుజానికి పనిముట్ల సంచీ, ఇంకో భుజానికి నా పుస్తకాల సంచీ వేసుకుని నాతో నడిచేవారు. సిగ్నల్ దగ్గర చెయ్యి గట్టిగా పట్టుకునేవారు, దాటాక వదిలేసేవారు, నేను మళ్ళీ పట్టుకునేదాన్ని. మీ అరచేతిలో గ్రీజు వాసన. గేటు దగ్గర నా గోళ్ళు చూసి, జడ రిబ్బను బిగించి, లోపలికి వెళ్ళేదాకా నిలబడేవారు. ఇసక ట్రేలో ఉన్న ఆ ఇద్దర్నీ చూస్తుంటే నాకు మీరే కనపడుతున్నారు. దీనికెలా థాంక్స్ చెప్పాలో నాకు తెలియడం లేదు బాబాయ్.

ఇక ఆ రాయలేకపోయిన సంగతి. నాన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నా చిన్నప్పుడే పని వెతుక్కుంటానని వెళ్ళి, ఇంకో ఊళ్ళో ఇంకో ఇల్లు పెట్టుకున్న నాన్న. అమ్మ పోయిందని ఆలస్యంగా తెలిసిందట, పెళ్ళి సంగతి ఎవరో చెప్పారట. తప్పంతా తనదేనని రాశాడు. ఒక్కసారి, ఆ ఒక్క రోజు, నా చెయ్యి పట్టుకుని చర్చిలో నడిపించనివ్వమని అడిగాడు. నేనింకా జవాబు రాయలేదు. మీరేమంటారు?

మీ
అమ్మడు


ఇంటి నుంచి,
సెప్టెంబరు చివర

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి బాబాయ్ ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. నేను క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను.

నువ్వు చెప్పదలుచుకున్నది అర్థమైంది. ఇంత నెమ్మదిగా, ఇంత మర్యాదగా ఇంకెవరూ చెప్పలేరు. ముందు ఆ ముసలాయన సంగతి చెప్పి, తర్వాత మీ నాన్నగారి సంగతి చెప్పావు. చదువుకున్నదానివి, దేని తర్వాత ఏది రాయాలో నీకు తెలుసు.

మీ నాన్నగారు నడిపించడమే సబబు. వెంటనే జవాబు రాయి, ఆయన్ని ఎదురుచూడనివ్వకు. తప్పు ఒప్పుకుని వచ్చిన మనిషిని గుమ్మం దగ్గర నిలబెట్టకూడదు.

నాకు బాధ లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఉంది. కానీ దానికన్నా కృతజ్ఞతే ఎక్కువగా ఉంది. పిల్లలు లేని మనిషిని నేను. మీ అమ్మని చేసుకున్న రోజున ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డ నువ్వు కూడా దొరికావు. ఆ వీధిలో పొద్దుటిపూట నీతో నడిచినన్నాళ్ళు నాకు కొట్లవాళ్ళంతా నమస్కారం పెట్టేవారు. ఒంటరి మెకానిక్కి ఎవరు పెడతారు? అది నాకు జీతం లేని పని అని ఎప్పుడూ అనిపించలేదు. అందులోనే నాకు అన్నీ ముట్టాయి.

బుధవారం క్లాసులో ఆ బాలశిక్షకుడి పాఠం చెప్పాను. బాగానే వచ్చింది. ఆయన్ని తలుపు దగ్గర ఆపెయ్యడం అవమానం కాదని, దింపవలసిన చోటు అదేనని చెప్పాను. లెక్కల మాస్టారు ఈసారి ఏ ప్రశ్నా అడగలేదు. నా మొహం చూస్తూ కూర్చున్నారు.

పెళ్ళి రోజు పొద్దుటి బండికి వచ్చి సాయంత్రం బండికి వెళ్ళిపోతాను. వెనక వరసలో ఒక కుర్చీ ఉంటే చాలు. కోటు సంగతి టైలరుకి చెప్పాను, తొందరేం లేదని.

ఇట్లు,
బాబాయ్


మ్యూజియం వెనక గది నుంచి,
అక్టోబరు

బాబాయ్,

మీ మీద నాకు బాగా కోపం వచ్చింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పళ్ళ డాక్టరు భయపడి, ఏం తప్పు చేశాడో తెలియకుండానే నాకు సారీ చెప్పాడు. "చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి" ఏమిటి? నన్ను అలా ఎవరైనా పిలుస్తారా? పెళ్ళి శుభలేఖలో పేరులా.

తర్వాత నా ఉత్తరం నకలు ఉంటే తీసి చదువుకున్నాను. చదివాక కోపం నా మీదికి తిరిగింది. నేను మీకు దణ్ణం పెడుతూ రాశాను, కాగితం మీద మాత్రం అది మిమ్మల్ని సాగనంపినట్టే ఉంది. తండ్రులు ఎక్కువమంది లేరు అని రాసి ఆపేశాను. దాని తర్వాత ఇంకో వాక్యం ఉంది: ఆ కొద్దిమందిలో ఒకరు నాకు దొరికారు, అది మీరు. మీకు తెలుసులే అనుకుని రాయలేదు. తెలిసిన సంగతులే రాయాలని ఇప్పుడు తెలిసింది.

ఆ ముసలాయన గురించి కూడా సగమే రాశాను. పిల్లవాడు పెద్దవాడైతే ఆ పని అయిపోతుందన్నది అప్పటి పద్ధతి. మనుషులు వేరే. రోమా కాలపు సమాధి రాళ్ళలో, తమని చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని తిప్పినవాళ్ళ కోసం, పెరిగి పెద్దయినవాళ్ళు చెక్కించినవి ఉన్నాయి. బానిస పేరు, పక్కనే పెట్టించినవాళ్ళ పేరు. వాళ్ళకి మీసాలు వచ్చి, పెళ్ళిళ్ళయి, పిల్లలు పుట్టాక కూడా ఆ మనిషి పని అయిపోలేదు. నేను మీకు రాయి చెక్కించను, మీరు బతికుండగానే చెబుతాను.

ఇంకో మాట. బాలశిక్షకుడి ముక్క ఉన్న అధ్యాయం దగ్గర పుస్తకం మూసేసినట్టున్నారు. పేజీ తిప్పండి. వెంటనే దత్తత సంగతి వస్తుంది. ఆ రోజుల్లో రోమా వాళ్ళ దత్తత అంటే ఉయ్యాల్లో పసిపిల్లని తెచ్చుకోవడం కాదు. ఎక్కువగా ఎదిగిన మనుషులనే తీసుకునేవారు. అందులో ఒక పద్ధతిలో, పదిమంది ఎదుటా దత్తు వెళ్ళే మనిషిని కూడా నిలబెట్టి, నీకిది ఇష్టమేనా అని అడిగేవారు. ఆడవాళ్ళకి ఆ పద్ధతి వర్తించేది కాదని మా పెద్ద మేడమ్ అంది. నేను రోమా దాన్ని కాదులెండి మేడమ్ అన్నాను. మీరు మా ఇంటికి వచ్చినప్పుడు నా ఇష్టం ఎవరూ అడగలేదు బాబాయ్, చిన్నపిల్లని. ఇప్పుడు అడగండి. నాకు ఇష్టమే.

నాన్నా అని పిలవను. ఆ పిలుపు నా నోటికి రాదు, వచ్చినా మీకు నప్పదు. బాబాయ్ అంటేనే నాకు మా ఇల్లంతా గుర్తొస్తుంది.

మీరేమంటారు అని ఎందుకడిగానో చెప్పనా? "కుదరదు, నా బిడ్డని నేనే నడిపిస్తాను" అని మీరు కోప్పడతారని. ఇన్నేళ్ళలో మీరు నా మీద ఒక్కసారి కూడా హక్కు అడగలేదు. ఒక్కసారి అడిగితే విందామని ఆశపడ్డాను. మీరేమో ఉన్నది కూడా వదిలేసుకున్నారు. ఇక మీరడిగేదాకా ఆగలేను, నేనే అడుగుతున్నాను. నన్ను మీరు నడిపించాలి. ఇంకెవరైనా అయితే నేను ఒక్కదాన్నే నడుస్తాను.

నాన్నకి నిన్న జవాబు రాశాను. పెళ్ళికి రండి, నడిపించేది మాత్రం మీరు కాదు అని. కష్టమైంది. రాసేశాను. ఆయన వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలో ఆలోచించలేదు. వెనక వరసలో ఒక కుర్చీ ఖాళీ ఉంది, మీరు అడిగినది.

జవాబు త్వరగా రాయండి.

మీ
అమ్మడు


వంటింటి బల్ల దగ్గర్నుంచి,
నవంబరు

అమ్మడూ,

నడిపిస్తాను.

ఈ ఒక్క మాటే రాసి పంపేద్దామనుకున్నాను. మళ్ళీ, తెలిసిన సంగతులే రాయాలని నువ్వే అన్నావు కదా, అందుకని కూర్చున్నాను. నీ ఉత్తరం చదివి ఏడ్చాను. గట్టిగానే ఏడ్చినట్టున్నాను, పై ఇంటి ఆవిడ దిగి వచ్చి, ఎందుకరుస్తున్నారు, గ్యాస్ లీకవుతోందా అని అడిగింది. నాకు చెవులు సరిగ్గా లేవు గనక నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదు.

బుధవారం ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని క్లాసుకెళ్ళాను. ఆ బాలశిక్షకుడి పాఠం తప్పు చెప్పాను, తలుపు దగ్గర ఆపేశాను, ఈరోజు లోపలికి తీసుకెళ్దామన్నాను. దత్తత సంగతి, ఆ సమాధి రాళ్ళ సంగతి చెప్పాను. నువ్వు రాసిన మిగతా మాటలు చెప్పలేదు, అవి నావి. అయినా లెక్కల మాస్టారు కనిపెట్టేశారు. క్లాసయ్యాక నన్ను పక్కకి పిలిచి, "ఆ పాఠం రోజు మీ మొహం చూసి అమ్మాయికి ఫోను చేద్దామనుకున్నాను. నంబరు లేక ఆగాను. తండ్రులు తక్కువమందని పౌలే అన్నాక మీరు ఆ తక్కువలోంచి కూడా ఒకటి తీసేస్తే ఎలాగండీ, లెక్క తప్పదూ?" అన్నారు.

కుట్టుమిషను అత్తయ్య ఊరుకోలేదు. ఇంత పెద్ద మనిషివి, నీకు నడక రాకపోతే పిల్ల పరువు పోతుందని, చర్చిలో నడిపించి చూపించమంది. పెళ్ళికూతురు కావాలి కదా. లెక్కల మాస్టారు ముందుకొచ్చి నా మోచెయ్యి పట్టుకున్నారు, ఎంతో సిగ్గుపడుతూ. మెట్ల దగ్గర కుర్చీ వేయించుకుని పాస్టరుగారు కూడా చూశారు. నేను తొందరగా నడుస్తున్నానట. పిల్లదాని గౌను కాలికి అడ్డం పడుతుంది, ఒక అడుగు వేసి ఆగు, ఇంకోటి వేసి ఆగు అంది అత్తయ్య. మాస్టారు మధ్యలో, "నాకు మాత్రం ఈయన చెయ్యి చాలా ధైర్యంగా ఉందండీ" అన్నారు. అందరూ నవ్వారు, నేను తప్ప.

టైలరు దగ్గరికెళ్ళి కోటు తెచ్చుకున్నాను. తొందరేం లేదన్నారుగా అన్నాడు. ఇప్పుడుంది అన్నాను.

ఇక మీ నాన్నగారి సంగతి. నేను హక్కు అడగలేదని కోప్పడ్డావు. ఇప్పుడు ఒకటి అడుగుతాను, కాదనకు. ఆయన్ని వెనక వరసలో పెట్టకు.

దీనికి కారణం రాయడం నాకు తేలిక కాదు. నేను దేవుడికి రోజూ థాంక్స్ చెప్పుకుంటాను అమ్మడూ, మీ అమ్మ కోసం, నీ కోసం. చెప్పుకుంటున్నప్పుడు ఒకచోట నాకెప్పుడూ మాట తడబడుతుంది. ఆయన ఆ ఇల్లు వదిలి వెళ్ళకపోతే నేను ఆ గుమ్మంలో అడుగుపెట్టేవాణ్ణి కాదు. మీ అమ్మని ఏడిపించిన తప్పు మీదే నా సంతోషమంతా నిలబడింది. ఒకరి తప్పుకి థాంక్స్ చెప్పుకోవడం పాపమో కాదో పాస్టరుగారిని ఎప్పుడూ అడగలేదు. కానీ నాకు దొరికినదంతా ఆయన పోగొట్టుకున్నది. ఒక చిన్నపిల్ల రోజూ పొద్దున్నే తన చెయ్యి కోసం వెతుక్కోవడం ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. ఇక తెలిసే దారి కూడా లేదు. అంతకు మించిన శిక్ష మనం వెయ్యక్కర్లేదు.

అందుకని ముందు వరసలో రెండు కుర్చీలు వేయించు, పక్కపక్కన. ఒకటి నాకు, ఒకటి ఆయనకి. నిన్ను నడిపించుకెళ్ళి, నీ చెయ్యి ఆ అబ్బాయి చేతిలో పెట్టి, నేను ఒక్కణ్ణే వెనక్కి తిరిగి రావాలి కదా. అప్పుడు నా పక్కన ఎవరో ఒకరు ఉండాలి. నిన్ను వదిలి రావడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఆ చర్చిలో ఆయనొక్కడే.

నీ
బాబాయ్